నమూనా ఇద్దరు, పండు ఒకటి

యువత మనస్తత్వం మీద తొలి సర్వే కైలాసంలో జరిగింది. నమూనా ఇద్దరు. ప్రశ్న ఒక్కటే: లోకాన్ని ముందుగా చుట్టి వచ్చేదెవరు? బహుమతి జ్ఞానఫలం. చిన్నవాడు ప్రశ్నను నమ్మి నెమలెక్కి నిజంగానే లోకం చుట్టడానికి పోయాడు. పెద్దవాడు ప్రశ్న వేసినవాళ్ల ముఖాలు చూసి, వాళ్ల చుట్టూనే ఒక ప్రదక్షిణం చేసి పండు పుచ్చుకున్నాడు. తిరిగొచ్చిన చిన్నవాడు అలిగాడు. నగా నట్రా వదిలేసి, గోచీ పెట్టి, చేత దండం పట్టుకుని తమిళనాట పళని కొండెక్కాడు. ఇప్పటికీ దిగలేదు. ఆ సర్వేలో మార్కులేసింది తల్లిదండ్రులే. యుగాలు మారినా ఆ పద్ధతి మాత్రం మారలేదు.

ఢిల్లీలో సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ ఉంది. అందులోని లోక్‌నీతి విభాగం 2016లో 19 రాష్ట్రాల్లో 15 నుంచి 34 ఏళ్లవాళ్లను 6,122 మందిని పలకరించి, వాళ్ల కోరికలు, బెంగలు, అలవాట్లు రాసుకుంది. 2017లో నివేదిక వచ్చింది. ఇలాంటి నివేదిక వచ్చిందంటే ఇంటి పెద్దలు కళ్లజోడు వెతుక్కుంటారు. కుర్రకారు చెడిపోయిందని ఇన్నాళ్లూ నోటిమాటగా చెబుతున్నది కాగితం మీద అంకెల్లో దొరికితే ఆ తృప్తే వేరు కదా.

దొరికింది ఇదీ. 78 శాతం మంది తరచూ దేవుడికి దండం పెట్టుకుంటారట. 68 శాతం గుడికో మసీదుకో చర్చికో తరచూ వెళ్తారట. పెళ్లయినవాళ్లలో 84 శాతం పెద్దలు కుదిర్చిన సంబంధమే చేసుకున్నారు. భార్య ఎప్పుడూ భర్త మాట వినాల్సిందేనని 51 శాతం ఒప్పుకున్నారు. 65 శాతానికి సర్కారు ఉద్యోగం కావాలి. వయసు చెప్పకుండా ఈ అయిదు జవాబులూ పళని కొండ దిగువన టీ తాగుతున్న ఏ డెబ్భై ఏళ్ల పెద్దాయనకైనా చదివి వినిపించండి. "ఎవరో మా ఈడువాడే, బుద్ధిమంతుడు" అంటాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. చొక్కా చూస్తే సినిమా హీరో, జుట్టు చూస్తే ఫుట్‌బాల్ ఆటగాడు. తీరా ప్రశ్నాపత్రం పెట్టి గోకితే లోపల్నుంచి తాత బయటికొస్తున్నాడు. పెద్దలకు ఇది మింగుడుపడని సంగతి. పిల్లలు తమ మాట వినకపోతే తిట్టడానికి మాటలున్నాయి గానీ, అచ్చం తమలాగే తయారైతే ఏమని తిట్టాలి?

ఇంతకీ యువత అంటే ఎవరు? ఐక్యరాజ్య సమితి లెక్కలో 15 నుంచి 24 ఏళ్లవాళ్లు. మన దేశపు యువజన విధానం 2003లో 13 నుంచి 35 అంది. 2014లో కొత్త విధానం వచ్చి 15 నుంచి 29 అంది. అంటే ఒక్క సంతకంతో ముప్పై దాటినవాళ్లంతా రాత్రికి రాత్రే పెద్దమనుషులైపోయారు. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లు మళ్లీ పసిపిల్లలయ్యారు. లోక్‌నీతి దయతలచి 34 దాకా గేటు తెరిచింది. అందరికన్నా ఉదారులు రాజకీయ పార్టీలవాళ్లు. 1980లో మదురై ఝాన్సీరాణి పార్కులో పుట్టిన డీఎంకే యువజన విభాగానికి ఎం.కె. స్టాలిన్ దశాబ్దాల పాటు సారథ్యం వహించారు. 2017లో ఆ కుర్చీ దిగేనాటికి ఆయనకు అరవై దాటాయి. కొండమీది స్వామిని మినహాయిస్తే తమిళనాట అంతకాలం యువకుడిగా చలామణీ అయినవారు మరొకరు కనబడరు.

సరే, ఆ 65 శాతం సంగతి చూద్దాం. ఇది నోటిమాటగా చెప్పిన జవాబేమీ కాదనడానికి సాక్ష్యం తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ దగ్గరే ఉంది. 2022లో గ్రూప్ ఫోర్ పరీక్షకు 7,301 ఖాళీలు ప్రకటిస్తే దరఖాస్తులు 22 లక్షలు. 2024 జూన్‌లో 6,244 ఖాళీలకు 20 లక్షల పైచిలుకు. అంటే ఒక్కో కుర్చీకి మూడు వందల ఇరవై మందికి పైగా. జూనియర్ అసిస్టెంటు, టైపిస్టు, వీఏఓ అనే గ్రామ పాలనాధికారి, ఇవీ ఆ కుర్చీలు. పళని మొత్తం జనాభా 2011 లెక్కల్లో 70 వేలు. ఆ ఊళ్లోవాళ్లు పసిబిడ్డలతో సహా అందరూ దరఖాస్తు పెట్టినా 2024 క్యూలో మూడు, నాలుగు శాతం దాటరు.

పళని నుంచి దిండిగల్ పోయే దారిలో విరుపాక్షి అనే ఊరుంది. పళని గుడి పంచామృతంలో వేసే కొండ అరటికి ఆ ఊరి పేరే. అక్కడి పాళెగాడు గోపాల నాయకుడు తెలుగు మాట్లాడే కంబళ నాయకుల ఇంటివాడు. శివగంగ రాణి వేలు నాచియారు దిక్కులేక తిరుగుతున్నప్పుడు ఆశ్రయమిచ్చాడు. ఆ తర్వాత కంపెనీవాళ్ల పెత్తనం మీద చుట్టుపక్కల పాళెగాళ్లనందరినీ కూడగట్టి తిరగబడ్డాడు. 1801లో ఉరితీశారు. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఆ పేరు ఇప్పటికీ ఛాతీ ఉబ్బించే చెబుతారు. చెప్పడం అయ్యాక కొడుకు వైపు తిరిగి, "వీడు వీఏఓ పరీక్ష రాసుండాడు, దేవుడు కరుణించాల" అంటారు. కిస్తు అడిగినవాడిని తరిమిన గడ్డ మీద కిస్తు రసీదు రాసే కుర్చీ కోసం మొక్కులు. నాయకుడు వింటే ఏమనేవాడో గానీ, పిల్ల తండ్రులు మాత్రం వింటున్నారు.

అవును, సంగతంతా పిల్ల తండ్రుల దగ్గరుంది. సర్వేలో ఉద్యోగం ఒక పేజీలో, పెళ్లి ఇంకో పేజీలో ఉంటాయి. ఇంట్లో మాత్రం రెండూ ఒకే పళ్లెంలో వడ్డిస్తారు. 84 శాతం పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చేవైనప్పుడు, ఆ పెద్దలు అడిగే మొదటి ప్రశ్న "అబ్బాయికి సర్కారు ఉద్యోగమేనా?" అయినప్పుడు, కుర్రవాడి కోరిక 65 శాతం కాక మరెంత ఉంటుంది? తిరుప్పూరు బనియన్ కంపెనీలో నెలకు పాతికవేలు తెచ్చుకునేవాడికి సంబంధం రాదు, అదే జీతంతో తాలూకా ఆఫీసులో స్టాంపు వేసేవాడికి కట్నంతో సహా వస్తుంది. అదే సర్వేలో ప్రైవేటు ఉద్యోగం కావాలన్నవాళ్లు 7 శాతం, సొంత పని పెట్టుకుంటామన్నవాళ్లు 19 శాతం. ఈ 19 శాతం సంబంధాలు ఎలా కుదురుతున్నాయో విడిగా ఒక సర్వే చేయాలి.

సొంత పని అంటే గుర్తొచ్చే పేరు ఒకటి పళని దారిలోనే ఉంది. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకాయన ఒకే ఒక్క బస్సు నడిపించాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. ఐక్యరాజ్య సమితి లెక్కలో ముసలివాడు, లోక్‌నీతి లెక్కలో పడుచువాడు. పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు, లోకానికి జి.డి. నాయుడు. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు ఇంట 1893లో పుట్టాడు. బడి పడలేదు, ప్రాథమిక చదువుతోనే గుడ్‌బై చెప్పాడు. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, అది కొనడానికి హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టాడు. కొన్నాక ఎక్కి ఊరేగలేదు, ఏ మరకు ఆ మర విప్పి మళ్లీ బిగించాడు. ఒక్క బస్సు పెరిగి యూఎంఎస్ అనే పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో కోయంబత్తూరులో దేశవాళీ ఎలక్ట్రిక్ మోటారు తయారైందంటే దాని వెనకా ఈయనున్నాడు.

ఇప్పుడు 1915 ప్రాంతాల్లో ఈ కుర్రవాడి ముందు ఒక సర్వే ఫారం పెట్టారనుకుందాం. విద్య: బడి మానేశాడు. వృత్తి: హోటల్లో ప్లేట్లు అందిస్తాడు. ఆశయం: మోటారు సైకిలు. దేవుడి మీద భక్తి: గడి ఖాళీ. సర్కారు ఉద్యోగం: వద్దు. నివేదిక రాసేవాడు నిట్టూర్చి, 'నైపుణ్యం లేని, లక్ష్యం లేని, వినియోగ వస్తువుల మోజులో పడిన గ్రామీణ యువత' అనే పేరాలో ఈయన్ని పడేసేవాడు. ఇంట్లోవాళ్లు ఆ పేరా చదివి తలలూపేవాళ్లు. 2025 అక్టోబర్‌లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవు పైవంతెన కట్టి ఆయన పేరు పెట్టారు. ఆ వంతెన మీదుగా బైకుల మీద గ్రూప్ ఫోర్ కోచింగ్‌కు పోయే పిల్లలకు ఆ పేరు ఒక జనరల్ నాలెడ్జ్ ప్రశ్న.

ఇక ఫోను. యువత మీద ఏ చర్చ మొదలైనా మూడో నిమిషంలో ఫోను దగ్గర తేలుతుంది. ఈ విషయంలో పళని దగ్గర దేశంలోకెల్లా నమ్మదగిన ప్రయోగశాల ఉంది. 2022 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు రాష్ట్రంలోని గుళ్లలో సెల్‌ఫోన్లు వద్దంది. పళనిలో అది 2023 అక్టోబర్ 1 నుంచి అమలైంది. కొండెక్కేముందు ఫోను కింద కౌంటర్లో ఇచ్చి, అయిదు రూపాయలు కట్టి, టోకెను పట్టుకెళ్లాలి.

ఆ కౌంటర్ ముందు పావుగంట నిలబడితే ఆరువేలమందిని అడగనక్కర్లేదు. కాలేజీ కుర్రాళ్ల గుంపు వస్తుంది. గుండు చేయించుకుని, ఇంకా తడి ఆరని గంధం తలకు పట్టించుకుని, ఇవ్వబోయేముందు ఆఖరి సెల్ఫీ ఒకటి. తర్వాత ఫోను కౌంటర్లో పడుతుంది, వాళ్లు మెట్ల వైపు పరిగెడతారు. సాధారణంగా అంతే కథ. అసలు నాటకం వాళ్ల వెనక వరుసలో ఉంటుంది. ఒక నడివయసు పెద్దమనిషి ఫోను ఇవ్వడు. ముఖ్యమైన కాల్ రావాలి అంటాడు. స్విచ్చాఫ్ చేస్తానంటాడు. లోపల తీయనంటాడు. పంచె మడతలో దోపుకుని దొరికిపోతాడు. చివరికి ఇచ్చి, టోకెను మూడుసార్లు సరిచూసుకుని, మెట్టు మెట్టుకీ ఆగి నడుం తడుముకుంటూ, "ఈ కాలపు పిల్లలకు ఫోను లేకపోతే బతుకే లేదండీ" అని పక్కవాడితో అంటాడు. పక్కవాడు ఒప్పుకుంటాడు. ఆయన నడుమూ ఖాళీయే మరి.

పల్లెటూళ్లలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో 'ఏసర్' సర్వే జరిగింది. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు, 34,745 మంది. తమిళనాడు నుంచి పెరంబలూరు ఎంపికైంది, పళని ఉన్న దిండిగల్ జిల్లాకు ఆ భాగ్యం దక్కలేదు. పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటమూ వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్నది మగపిల్లల్లో 43.7 శాతానికి, ఆడపిల్లల్లో 19.8 శాతానికి. ఈ ఒక్క అంకె దగ్గర వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టొచ్చు. మిగతా ఆడపిల్లలు ఫోను ముట్టుకోవాలంటే నాయనదో అన్నదో అడిగి తీసుకోవాలి, అడిగిన ప్రతిసారీ ఎందుకో చెప్పాలి, తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చూసిందో కూడా చెప్పాలి. రేపు ఎవరో వచ్చి ఆ పిల్లను నీ ఆశయమేమిటని అడిగితే, పక్కన ఉన్నవాళ్ల ముఖం చూడకుండా నోరు విప్పుతుందా?

పక్కన ఉన్నవాళ్లు అనేది చిన్న సంగతి కాదు. సర్వే మనిషి పళని పక్కన ఆయక్కుడిలో ఒక తెలుగు ఇంటి తలుపు తట్టాడనుకోండి. అరవంలో అడుగుతాడు, ఇంట్లోవాళ్లు తెలుగులో చర్చించి అరవంలో జవాబిస్తారు. కుర్చీ వేస్తారు. కాఫీ ఇస్తారు. మంచి జామకాయలు కోసి పెడతారు. ఇక ఆ కుర్రవాడిని తప్ప అందరినీ మాట్లాడనిస్తారు.

"నీ వయసెంత తంబీ?"

"ఇరవై ఒకటి. చిత్తిర వస్తే ఇరవై రెండు" అంటాడు నాయన.

"ఏం చేయాలని ఉంది?"

"సర్కారు ఉద్యోగమే సార్, రాసుకోండి."

"నన్ను కదా నైనా అడిగింది?"

"నువ్వుండ్రా. నీకేం తెలుసు? సార్ ఢిల్లీ నుంచి వచ్చుండాడు."

"పెళ్లి నీ ఇష్టమా, పెద్దల ఇష్టమా?"

ఈ ప్రశ్నకు లోపల్నుంచి అవ్వ జవాబిస్తుంది. "వాడి ఇష్టమే నాయనా, మేమెవరం బలవంతం చేసేదానికి? అత్త కూతురు ఒకతె ఉండాది, మామ కూతురు ఒకతె ఉండాది. ఎవర్ని కావాలంటే వాళ్లనే చేసుకోనీ."

ఇది నవ్వులాట కోసం చెప్పిన మాటలా ఉంటుంది గానీ, దీనికీ లెక్కుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దగ్గర చుట్టరికంలో జరిగిన పెళ్లిళ్లు తమిళనాడులో 28 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ 26 శాతంతో పెద్ద దూరంలో లేదు. నాయకరాజుల కాలంలో ఇటు వలసొచ్చి నాలుగైదు వందల ఏళ్లయినా మేనరికం విషయంలో ఇక్కడి తెలుగువాళ్లు అక్కడివాళ్లతో పోటీలోనే ఉన్నారని సంతోషించాలి. ఎంచుకునే స్వేచ్ఛ ఉందా అని ఫారం అడుగుతుంది, ఉంది అని కుర్రవాడు తలూపుతాడు. ఆప్షన్లు ఎన్ని అని మాత్రం ఫారం అడగదు.

ఏసర్ చెప్పిన ఇంకో మాట ఉంది. ఆ 14-18 ఏళ్ల పిల్లల్లో నలుగురిలో ఒకరు తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని గడగడా చదవలేకపోయారు. పళని తెలుగు ఇంట్లో పిల్లవాడికి ఈ పరీక్ష పెడితే అరవంలో పెడతారు, వాడు చక్కగా చదివి పాసవుతాడు. తెలుగు పాఠం ఎదురుగా పెడితే వాళ్ల నాయన కూడా ఫెయిలే. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత అరవం, ఫోనులో టైపు ఇంగ్లిషు అక్షరాలు. 2006లో తమిళనాడు తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక, పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం అల్పసంఖ్యాక భాషల విద్యార్థుల తరఫున గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో కోర్టు ఇంకో ఏడాది గడువిచ్చింది. ఆ గడువు కోసం కొట్లాడిన పెద్దల్లో కొందరైనా పిల్లల పెళ్లిపత్రికలు తెలుగులో అచ్చేయించే ఉంటారని ఆశిద్దాం. ఎవరి మీద వ్యంగ్యం రాస్తున్నామో ఆ కుర్రవాళ్లు దీన్ని చదివి ఉత్తరాలు రాసే ప్రమాదం లేదు గనకే ఈ కాలమ్ ఇంత ధైర్యంగా నడుస్తోంది.

2011 జనగణనలో తమిళనాడులో మాతృభాష తెలుగు అన్నవాళ్లు 42 లక్షల 34 వేల మంది, అంటే 5.87 శాతం. జనగణన లెక్కలో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష. ఇంటి పెద్ద ఒక్క మాటలో ఇంటిల్లిపాదికీ కలిపి రాయించేస్తాడు. ఆ 42 లక్షల్లో పాతికేళ్లలోపు వాళ్లు నిజంగా ఏ భాషలో కోప్పడతారో, ఏ భాషలో ప్రేమలేఖ టైపు చేస్తారో ఆ ఒక్క గడి మోయలేదు.

మళ్లీ జనగణన వస్తోంది. 2027 ఫిబ్రవరిలో లెక్కించేవాళ్లు ఫోను పట్టుకుని ఇంటికొస్తారు, ఈసారి కులం కూడా అడుగుతారు, ఎవరికి వారే నింపుకునే వీలూ ఉంది. పళని, కోయంబత్తూరు, మదురైల్లోని తెలుగు ఇంటి పెద్దలకు ఒక మనవి. వచ్చినవాడికి కుర్చీ వేయండి, కాఫీ ఇవ్వండి, జామకాయలు కోసి పెట్టండి. ఇరవై ఏళ్ల కొడుకునో కూతురినో అడిగిన ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం లేచి పెరట్లోకి వెళ్లండి. అవ్వను కూడా తీసుకెళ్లండి.